సొంత విత్తనం వెనకబాటుతనమా?

వ్యవసాయ శాఖ లెక్కల్లో విత్తన మార్పిడి రేటు అని ఒకటుంది. ఒక పంట సాగైన మొత్తం విస్తీర్ణంలో ఎంత భాగం బయట కొన్న ధృవీకరణ విత్తనంతో వేశారో చెప్పే శాతం అది. మిగతాది రైతు ఇంట్లో దాచుకున్న విత్తనం. ఈ శాతం పెరిగితే వ్యవసాయం ముందుకు పోతోందని, తగ్గితే వెనకబడుతోందని అర్థం చేసుకుంటారు. 2002 నాటి జాతీయ విత్తన విధానం దగ్గర్నుంచి దీన్ని పెంచడం ఒక లక్ష్యంగా సాగుతోంది. వరి, వేరుశనగ లాంటి స్వపరాగ సంపర్క పంటల్లో, అంటే తన పుప్పొడితోనే గింజ కట్టే పంటల్లో, మూడో వంతు విత్తనం ఏటా మారాలి, వేరే మొక్క పుప్పొడితో గింజ కట్టే పరపరాగ సంపర్క పంటల్లో సగం మారాలి, రెండు రకాలను కలిపి తయారుచేసే హైబ్రిడ్లలో నూటికి నూరు శాతం మారాలి.

దీని పక్కన ఒక చట్టాన్ని పెట్టి చూడండి. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం. అందులో 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, వాడుకోవచ్చు, విత్తుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ రకం మీద ఏదైనా కంపెనీ పేరున రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ఈ హక్కు పోదు.

రెండూ ఒకే ప్రభుత్వానివి. ఒకటి ఇది నీ హక్కు అంటుంది. రెండోది ఆ హక్కు వాడుకున్న రైతు పొలాన్ని ఇంకా మారాల్సిన పొలంగా లెక్కేస్తుంది. విత్తన హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ చట్టాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరుగుతాం. అవి ముఖ్యమే, వాటి గురించి నేనూ రాస్తాను. కానీ మన దగ్గర రైతు ఇంట్లోంచి విత్తనాన్ని బయటికి తీసింది చట్టం కాదు. సబ్సిడీ ఎప్పుడు ఇస్తారు, పరిశోధన ఏ రకాల మీద జరుగుతుంది, అధికారి పనితీరును దేనితో కొలుస్తారు అన్న విషయాలు ఆ పని చేశాయి. వాటిని మార్చకుండా హక్కును కాపాడామని చెప్పుకోవడం నాకు సరిపోదు.

ముందు చట్టం సంగతి. అది ఊరికే రాలేదు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు, కొత్త మొక్కల రకాలకు పేటెంటో, మరేదైనా సమర్థమైన రక్షణో ఇవ్వాలని మేధో సంపత్తి హక్కుల మీద చేసిన ట్రిప్స్ ఒప్పందం అన్ని సభ్య దేశాలకూ షరతు పెట్టింది. చాలా దేశాలు కొత్త మొక్కల రకాల రక్షణ కోసం ఉన్న యూపీఓవీ అనే అంతర్జాతీయ ఒప్పందాన్ని పట్టుకున్నాయి. దాని 1991 రూపంలో రకాన్ని తయారుచేసిన వాళ్ల హక్కే మూలం. రైతు తన సొంత పొలంలో మళ్లీ విత్తుకోవడం కూడా ఆ దేశం ఇష్టపడి, కొన్ని హద్దులు పెట్టి ఇచ్చే మినహాయింపు మాత్రమే. పక్కింటి వాళ్లకు ఇవ్వడానికి అందులో చోటు లేదు. మన దేశం ఆ దారి పట్టకుండా సొంత చట్టం రాసుకుంది. బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘం దగ్గరికి వెళ్లినప్పుడు రైతు సంఘాలు, శాస్త్రవేత్తలు, ఎం.ఎస్. స్వామినాథన్ లాంటి వాళ్లు గట్టిగా చెప్పడం వల్ల రైతు హక్కులకు ఒక అధ్యాయమే దక్కింది. ప్రపంచంలో ఇంత స్పష్టంగా రైతును నిలబెట్టిన చట్టాలు చాలా తక్కువ.

అంతకుముందున్న 1966 విత్తన చట్టంలో కూడా ఒక మంచి మాట ఉంది. రైతు తాను పండించిన విత్తనాన్ని తన ఇంటి దగ్గరే మరో రైతుకు నేరుగా ఇస్తే, అమ్మితే ఆ చట్టం వర్తించదు. విత్తనాలు ఊరి నుంచి ఊరికి పోయే పద్ధతిని అప్పటి చట్టం ముట్టుకోకుండా వదిలేసింది.

కెన్యాతో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. ధృవీకరణ లేని విత్తనాన్ని అమ్మినా, ఇచ్చిపుచ్చుకున్నా రెండేళ్ల దాకా జైలు, పది లక్షల షిల్లింగుల దాకా జరిమానా వేయగల చట్టం అక్కడ ఉండేది. చిన్న రైతులు కోర్టుకెక్కితే 2025 నవంబరులో అక్కడి హైకోర్టు ఆ నిబంధనలు రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. అక్కడి రైతులు కోర్టులో కొట్లాడి తెచ్చుకున్నది మనకు చట్టంలోనే రాసి ఉంది.

అయినా 2019లో గుజరాత్‌లో ఏం జరిగిందో గుర్తుందా? చిప్స్‌కు వాడే ఎఫ్‌సీ-5 అనే ఆలుగడ్డ రకం తమదని, దాన్ని అనుమతి లేకుండా పండించారని పెప్సికో కంపెనీ రైతుల మీద కేసులు పెట్టింది. అందులో నలుగురు రైతుల నుంచి ఒక్కొక్కరి దగ్గర కోటి రూపాయల పైన పరిహారం అడిగింది. మూడు నాలుగు ఎకరాల రైతు కోటి రూపాయల కేసు కాగితం చేతికొస్తే ఎంత టెన్షన్ పడతాడో ఆలోచించండి. దేశమంతా గొడవ చేశాక అదే సంవత్సరం మే నెలలో కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది. తర్వాత రైతు హక్కుల కార్యకర్త కవిత కురుగంటి వేసిన దరఖాస్తు మీద 2021 డిసెంబరులో మొక్కల రకాల ప్రాధికార సంస్థ ఆ రిజిస్ట్రేషన్‌నే రద్దు చేసింది. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ రద్దును సమర్థించారు. 2024 జనవరిలో అదే కోర్టు డివిజన్ బెంచ్ ఆ తీర్పును తోసిపుచ్చి కంపెనీకి అనుకూలంగా చెప్పింది.

కోర్టులో చివరిదాకా నడిచిన వాదన దేని మీదో గమనించాలి. రిజిస్ట్రేషన్ దరఖాస్తులో తప్పులున్నాయా లేవా, దాన్ని రద్దు చేయొచ్చా లేదా అన్నదాని మీద నడిచింది. 39వ సెక్షన్ రైతును ఎక్కడిదాకా కాపాడుతుందన్న అసలు ప్రశ్న మీద, రైతుల మీద పెట్టిన ఆ కేసుల్లో తీర్పే రాలేదు, ఎందుకంటే కేసులే వెనక్కి పోయాయి. రేపు ఇంకో రైతుకు నోటీసు వస్తే ఆ ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

ఆ సెక్షన్‌లోనే ఇంకో మెలిక ఉంది. రక్షణ పొందిన రకం విత్తనాన్ని రైతు బ్రాండ్ పేరుతో అమ్మకూడదు. ఇక్కడ బ్రాండ్ అంటే మనం అనుకునే కంపెనీ గుర్తు ఒక్కటే కాదు. సంచిలో పోసి, ఇది ఫలానా రక్షిత రకం అని తెలిసేలా చీటీ అంటిస్తే చాలు, అది బ్రాండెడ్ విత్తనం అవుతుంది. ఒక రైతు పక్కింటాయనకు బస్తా ఇచ్చేటప్పుడు దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ ఊళ్లో మహిళా సంఘమో, రైతు ఉత్పత్తిదారుల సంస్థో (ఎఫ్‌పీవో) విత్తనం శుభ్రం చేసి, మొలక పరీక్ష చేసి, రకం పేరు, తేదీ రాసి అమ్మాలనుకుంటే అక్కడ అడ్డం పడుతుంది. కొనేవాళ్లకు నమ్మకం కలిగించేది ఆ చీటీనే కదా. పేరు రాయకుండా అమ్మమంటే రైతు విత్తనం ఎప్పటికీ నోటిమాట సరుకుగానే మిగలాలన్నట్టు. ఈ నిర్వచనాన్ని సవరించి, రైతుల సంఘాలు తమ పేరుతో, నిజాయితీగా రకం పేరు రాసి అమ్ముకునే వీలు ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక చట్టం జోలికే వెళ్లకుండా హక్కు కరిగిపోయే దారి హైబ్రిడ్. పత్తే దీనికి ఉదాహరణ. కాయ తొలిచే పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. మన దగ్గర అది దాదాపు పూర్తిగా హైబ్రిడ్ల రూపంలోనే వచ్చింది. అమెరికాలో, చైనాలో బీటీ పత్తి ఎక్కువగా సూటి రకాల్లో ఉంది, అంటే గింజ దాచి మళ్లీ వేస్తే అదే లక్షణం వచ్చే రకాల్లో. హైబ్రిడ్ గింజను దాచి వేస్తే మొక్కలన్నీ ఒకలా రావు, దిగుబడి పడిపోతుంది. రైతు ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. బీటీలో రెండో తరమైన బీజీ-2 విత్తనం 475 గ్రాముల ప్యాకెట్‌కు 2025లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ ధర 901 రూపాయలు. ఈ ధరల నియంత్రణ కూడా మన తెలుగు నేల మీదే మొదలైంది. బీటీ జన్యువు వాడుకున్నందుకు వసూలు చేసే రాయల్టీ భారం మీద 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహికో-మోన్‌శాంటో కంపెనీతో పోరాడింది, తర్వాతి ఏడాది పత్తి విత్తనాల ధరల కోసం ప్రత్యేక చట్టమే తెచ్చింది. ధర తగ్గింది, అది మంచిదే. గింజ మాత్రం ఇంటికి తిరిగి రాలేదు. నాగ్‌పూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ బీటీ సూటి రకాలను తెచ్చినా మన ఊళ్ల అంగళ్లలో అవి కనపడవు. దాచుకోగలిగే విత్తనం మీద ఎవరికీ ఏటా వ్యాపారం ఉండదు కాబట్టి వాటిని మోసుకెళ్లే డీలరూ ఉండడు.

గద్వాల వైపు నడిగడ్డలో పత్తి విత్తనం పండించే రైతుల పరిస్థితి చూస్తే నాకు బాధేస్తుంది. ఆడ మొక్కల పూలను ఒక్కొక్కటి చేత్తో విప్పి, మగ మొక్కల పుప్పొడి రుద్ది క్రాసింగ్ చేసేది వాళ్లే. దేశమంతా వేసే పత్తి విత్తనంలో పెద్ద భాగం ఇలాంటి ఊళ్ల నుంచే వస్తుంది. కానీ ఆ గింజ మీద వాళ్లకు ఏ హక్కూ ఉండదు. మూల విత్తనం కంపెనీది, మధ్యలో ఆర్గనైజరు, పండిన గింజంతా తిరిగి ఇచ్చేయాలి, మొలక పరీక్షలో ఫెయిలైతే నష్టం రైతుది. తెలంగాణను విత్తన భాండాగారం అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ భాండాగారంలో గింజ ఎవరిదని ఎవరూ అడగరు.

మాది కదిరి వైపు, శనక్కాయల (వేరుశనగ) నేల. పత్తిలా ఇక్కడ హైబ్రిడ్ సమస్య లేదు. శనక్కాయ స్వపరాగ సంపర్కం చేసుకునే పంట, దాచి వేస్తే అదే రకం వస్తుంది. స్వాతంత్ర్యానికి ముందే తమిళనాడులోని తిండివనం నుంచి వచ్చిన టీఎంవీ-2 రకం దశాబ్దాలపాటు అనంతపురం చేలల్లో నిలబడిందంటే దాన్ని నిలబెట్టింది రైతుల ఇళ్లే. చట్టం కూడా అడ్డు లేదు. అయినా మా జిల్లాలో మే, జూన్ నెలలు వస్తే సబ్సిడీ శనక్కాయల కోసం జనం ఎండలో క్యూ కట్టడం మీరు ఏటా పేపర్లో చూసే ఉంటారు. ఎందుకలా?

ఎకరాకు విత్తనం కాయల్లో లెక్కేస్తే క్వింటాలుకు దగ్గరగా కావాలి. వాన సరిగా లేని ఏడు ఎకరాకు రెండు మూడు క్వింటాళ్లు చేతికొస్తే గొప్ప. అంటే పంటలో మూడో వంతు నుంచి సగం దాకా విత్తనంగా ఆపుకోవాలి. జొన్నకో, కొర్రకో ఎకరాకు రెండు మూడు కిలోలు ఆపితే సరిపోతుంది, శనక్కాయ అలా కాదు. పంట ఇంటికొచ్చిన నెలలోనే అప్పులవాళ్లు వాకిట్లో నిలబడతారు. మా అవ్వ ఉన్నన్నాళ్లు ఏం జరిగినా విత్తనం బస్తాలు కదిలించనిచ్చేది కాదు. కాయలు బాగా ఎండబెట్టి, గలగలమని మోగుతున్నాయా లేదా ఊపి చూసి, వేపాకు వేసి మూట కట్టించేది. ఒలిచిన గింజ తొందరగా మొలక శక్తి పోగొట్టుకుంటుంది కాబట్టి విత్తే వారం దాకా కాయ ఒలవనిచ్చేది కాదు. అవ్వ పోయాక నాయన మొదట్లో దాచాడు, తర్వాత ఒక కరువేడు అన్నీ అమ్మేయాల్సి వచ్చింది. సబ్సిడీ విత్తనం ఎలాగూ వస్తుందన్న ధైర్యం కూడా అందులో ఉంది. ఒకసారి ఇల్లు ఖాళీ అయ్యాక మళ్లీ నింపడం చాలా కష్టం.

తర్వాత ఒక ఏడు సబ్సిడీ విత్తనం సమయానికి రాక, వాన పడిపోయి, టౌన్లో ఒక అంగట్లో బయటి విత్తనం కొన్నాం. సగం కూడా మొలవలేదు. అడగబోతే బిల్లు లేదు, బస్తాకు ట్యాగు లేదు. రాతపూర్వకంగా ఏదీ లేకుండా మేమేం చేయలేమని ఆఫీసులో చెప్పారు. ఆ ముంగారు మా చేను బీడుగా పోయింది. ఇలాంటి రైతులకు దారి అసలు లేదని కాదు. ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లోనే 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని తేల్చి చెప్పింది. కానీ కాగితం ముక్క లేనివాడికి ఆ దారి మూసుకుపోయినట్టే. సొంత విత్తనం వేసుకున్నప్పుడు అసలు ఈ బాధే ఉండదు. ఏ చేను నుంచి వచ్చిందో, ఎలా ఎండిందో మనకే తెలుసు.

కొత్త విత్తనం వల్ల దిగుబడి పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెప్పేదాంట్లో నిజం ఉంది. ఏళ్ల తరబడి ఒకే విత్తనం వేస్తే కల్తీ పెరుగుతుంది, కొన్ని తెగుళ్లు విత్తనం వెంటే వస్తాయి. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు లాంటి వాటిలో ఇది ఇంకా ఎక్కువ. దాన్ని నేను కాదనను. మా పెద్దవాళ్లకూ ఇది తెలుసు, అందుకే అప్పుడప్పుడూ పక్క ఊరి నుంచి, వేరే నేల నుంచి విత్తనం మార్చుకొచ్చేవాళ్లు. నా అభ్యంతరం కొత్త విత్తనం రావడం మీద కాదు, అది ఏ దారిన వస్తుందన్న దాని మీద. ఊరికి కొంచెం మంచి మూల విత్తనం వచ్చి, ఊళ్లోనే పెరిగి, రైతు నుంచి రైతుకు పాకితే కొత్తదనమూ వస్తుంది, గింజా ఇంట్లోనే ఉంటుంది. ప్రతి రైతూ ప్రతి ఏడూ అంగడికి పోవాల్సిన అవసరం లేదు.

ఇది నిజంగా జరిగిన పనే. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 (సాంబ మసూరి), అంతకుముందు మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ అనే వరి రకాలు రెండూ ప్రభుత్వ పరిశోధన స్థానాల్లో పుట్టినవి. వాటిని అంత దూరం మోసుకెళ్లింది రైతులు, బస్తాలతో, చుట్టాల ఇళ్ల మీదుగా. స్వర్ణ అలాగే తూర్పు రాష్ట్రాలన్నీ దాటి బంగ్లాదేశ్ దాకా పోయింది. మా వైపు ఈ మధ్య వచ్చిన కదిరి లేపాక్షి శనక్కాయ కూడా ఎక్కువగా రైతుల చేతుల మీదుగానే పాకింది.

హైదరాబాద్‌లో బియ్యం కొట్టుకు వెళ్తే హెచ్‌ఎంటీ ఉందా అని అడుగుతాం. ఆ రకాన్ని ఎంపిక చేసింది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాకు చెందిన దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు. 1980లలో తన పొలంలో పటేల్-3 వరి మధ్య వేరుగా కనపడిన కొన్ని కంకులను పక్కన పెట్టి, ఏడాదికేడాది పెంచి, సన్నటి ఆ రకాన్ని తయారుచేశాడు. అప్పట్లో అందరి చేతికీ ఉండే గడియారం పేరు దానికి వచ్చింది. అడిగినవాళ్లకు విత్తనం ఇచ్చాడు. తర్వాత ఒక విశ్వవిద్యాలయం దాన్నే శుద్ధిచేసి తన పేరు తగిలించి విడుదల చేసింది. 2018లో దాదాజీ పోయేనాటికి ఆయన చేతిలో డబ్బు లేదు. పంచుకునే హక్కుతో పాటు, రైతు తయారుచేసిన రకానికి గుర్తింపు, వాటా కూడా ఉండాలని 2001 చట్టం చెబుతుంది. ఆయన విషయంలో అది చాలా ఆలస్యమైంది. మనం రోజూ ఆ అన్నం తింటున్నాం కాబట్టి ఆయన పేరు ప్రతి తెలుగు ఇంట్లో తెలియాలి.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సంగతి చాలామందికి తెలుసు. ఎక్కువమంది దళిత మహిళలు, కొద్దిపాటి ఎర్ర నేలలు. జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి ఒకే చేలో వేస్తారు. బూడిద, వేపాకు కలిపి గంపల్లో విత్తనం దాచి, కావాల్సినవాళ్లకు ఇచ్చి, పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి తీసుకుంటారు. ఏటా సంక్రాంతి నుంచి పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు ఊరూరూ తిరుగుతాయి. వాళ్ల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. విత్తన మార్పిడి రేటు లెక్కలో మాత్రం ఆ చేలన్నీ సున్నా.

ఇప్పుడు 1966 చట్టం స్థానంలో కొత్త విత్తన చట్టం తేవడానికి కేంద్రం 2025 నవంబరులో ముసాయిదా విడుదల చేసింది. పాత చట్టంలో నకిలీ విత్తనాలకు మొదటి తప్పు కింద పడే జరిమానా 500 రూపాయల లోపే, కాబట్టి కొత్త చట్టం అవసరమే. ముసాయిదా పెద్ద నేరాలకు 30 లక్షల దాకా జరిమానా పెట్టింది. రైతుల రకాలకు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఇచ్చింది, రైతు దాచుకునే, పంచుకునే హక్కునూ ఉంచింది, మళ్లీ బ్రాండ్ షరతుతోనే. కంపెనీని దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధనల్లో ఊరి విత్తన సంఘం ఎక్కడ నిలబడుతుందో స్పష్టంగా రాయాలి. విత్తనం మొలవకపోతే రైతుకు ఎవరు, ఎన్ని రోజుల్లో పరిహారం ఇవ్వాలో చట్టంలోనే ఉండాలి. జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, బీడుపడ్డ చేనుకు దానివల్ల ఏమీ రాదు.

అయితే చట్టం ఎంత బాగా రాసినా శనక్కాయ బస్తా ఇంట్లో నిలవదు. దానికి నా సూచన ఒకటుంది. సబ్సిడీని జూన్‌లో కొనే రైతుకు ఇస్తున్నాం. అందులో కొంత భాగాన్ని నవంబరులో, పంట ఇంటికొచ్చిన వారాల్లో, విత్తనం దాచుకుంటానన్న రైతుకు ఇవ్వాలి. అప్పులవాళ్లు వాకిట్లో ఉన్నప్పుడే ఆ డబ్బు అవసరం. గాలి చొరబడని సంచులు, పుచ్చు పట్టకుండా చూసే ఏర్పాటు, ఊళ్లో ఒక పొడి గది కూడా అందులో భాగమే. తెలంగాణలో 2025 వానాకాలంలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒక్కో గ్రామంలో కొద్దిమంది రైతులకు నాణ్యమైన విత్తనం ఇచ్చి, వాళ్ల పంట నుంచి మిగతా ఊరికి అందేలా కార్యక్రమం పెట్టింది. రెండింటినీ కలిపితే సరిపోతుంది.

డబ్బు తీసుకుని విత్తనం అమ్మేసుకుంటే ఎలా అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సగం డబ్బు నవంబరులో ఇచ్చి, మిగతా సగం మే నెలలో ఇవ్వొచ్చు. మే నెలలో రైతు తన బస్తాలోంచి వంద గింజలు తీసుకొచ్చి రైతు సేవా కేంద్రంలో తడి గోనెపట్టాలో చుట్టిపెడితే పది రోజుల లోపు మొలకలు లెక్కపెట్టొచ్చు. ధృవీకరణ శనక్కాయ విత్తనానికి ఉండాల్సిన మొలక శాతం 70. ఆ గీటు దాటిన ఇంటి విత్తనాన్ని నాణ్యమైన విత్తనంగా రిజిస్టర్లో రాసి, మిగతా డబ్బు ఇచ్చి, విత్తన మార్పిడి రేటు రాసే ఫారంలోనే దానికి ఒక గడి కలపాలి.